బొటనవేలి తేనె

విన్నిపెగ్
12 మార్చి 2023

ప్రియమైన అమ్మా,

ఒక ప్రశ్న నాతో ముప్పై ఏళ్లకు పైగా తిరుగుతోంది. ప్రతి కొత్త సంవత్సరం నాడు, అంటే మెస్కెరెమ్ నెల మొదటి రోజున, నువ్వు తేనెలో బొటనవేలు ముంచి నా నోట్లో పెట్టేదానివి. నేను పుట్టిన నెల, నాకు పేరైన నెల కాబట్టి అనుకునేదాన్ని. కానీ జెర్ఫే పిన్ని తన పిల్లలకు అలా పెట్టలేదు. నా స్నేహితురాళ్ల ఇళ్లలోనూ చూడలేదు. యూనివర్సిటీకి వెళ్లే వయసులో సిగ్గేసి తల తిప్పుకుంటే, "నోరు తెరవండి రాణిగారూ" అన్నావు. ఎందుకమ్మా?

మొన్న ఇక్కడ నీ కోసం గది సర్దుతుంటే ఇది గుర్తొచ్చింది. కిటికీకి తెర కట్టాం. అద్దం ఎంత ఎత్తులో పెట్టాలో తెలియక హనా, "అమ్మమ్మ ఎత్తెంత?" అని అడిగింది. కోపమొస్తే ఆరడుగులు, మామూలప్పుడు నా భుజం దాకా అన్నాను. పదకొండేళ్ల పిల్ల, రెండూ కొలిచి గోడ మీద గీతలు గీసింది.

ఇక అసలు విషయం. చుట్టపుచూపు వీసా రెండుసార్లు ఇవ్వలేదు. దరఖాస్తు వేయనిచ్చే లాటరీలో మన పేరొచ్చి, నిన్ను ఇక్కడే ఉండేలా రప్పించుకునే దరఖాస్తు వేసి రెండేళ్ల నాలుగు నెలలైంది. ఇన్నాళ్లకు ఆఫీసు నుంచి లేఖ వచ్చింది. మా అమ్మ మూడుసార్లు పుట్టిందట. నీ బడి ఉద్యోగం కాగితంలో 1945, పాస్‌పోర్టులో 1953, నేను నింపిన ఫారంలో 1961.

తప్పు నాదే. మన క్యాలెండరు లోకానికి ఎనిమిదేళ్లు వెనక కదా. పాస్‌పోర్టులో అప్పటికే ఎనిమిది కలిపారని మరిచిపోయి, నేను మళ్లీ కలిపాను. మందుల షాపులో పనిచేస్తూ చీటీలో ఒక సున్నా అనుమానంగా ఉంటే డాక్టరుకు ఫోన్ చేసేదాన్ని, కన్నతల్లి పుట్టిన ఏడు తప్పు రాశాను.

దాంతో వాళ్లకు అన్నిటి మీదా అనుమానం వచ్చింది. వార్డు ఆఫీసు నా పుట్టుక కాగితం ఇచ్చింది నాకు ముప్పై దాటాక కాబట్టి అది చెల్లదట. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోమన్నారు. బుగ్గ లోపల దూది పుల్లతో రాస్తారు, నొప్పి ఉండదు. వాళ్లు చెప్పిన ఆసుపత్రి నీకు రెండు బస్సుల దూరం. తొంభై రోజులు గడువు. నా వంతు నేను ఇచ్చేశాను.

ఫోన్లో చెప్పింది చెప్పినట్టే కాదంటావు కదా టీచరమ్మా, అందుకే ఊరికి వస్తున్న మన చర్చి వాళ్ల చేతికి ఈ లేఖ ఇస్తున్నాను.

ముద్దులతో,
నీ మెస్కీ

*

అడిస్ అబాబా
మియాజియా 2, 2015
(ఇది మన లెక్క. నీ లెక్కలోకి మార్చుకునేటప్పుడు ఒక్కసారే కలుపు.)

మెస్కీ, నా తల్లీ,

లేఖ అందింది. విటమిన్ సీసాలు కూడా అందాయి. నేనేమైనా గుర్రాన్నా, అంతంత బిళ్లలు పంపావు?

మూడో అంతస్తుకు నీళ్లు వారానికి రెండు రోజులే ఎక్కుతున్నాయి. కింది అంతస్తులో జెర్ఫేకు బాగానే వస్తాయి, అదే దాని గర్వం. నీ లేఖ చదివి వినిపిస్తే కాఫీ గిన్నె కిందపెట్టి, "మూడుసార్లు పుట్టావా? ఒకసారి పుట్టినదానికే పాత పేటంతా హడలిపోయేది" అంది. నేను, "ఇంకో ఎనిమిది కలిపితే నీకంటే చిన్నదాన్నవుతా, అక్కా అని పిలవాల్సొస్తుంది" అన్నాను. మూడో వాయి కాఫీ దాకా నవ్వుతూనే ఉంది.

పరీక్ష సంగతి. ఇప్పుడు పెద్ద ఉపవాసం. మధ్యాహ్నం దాకా నోట్లో నీళ్లు కూడా పోయను, పుల్ల ఎలా పెట్టించుకుంటాను? ఈస్టరు పండగ వెళ్లనీ.

పుల్ల తప్ప వేరే దారే లేదా అని ఒకసారి అడిగి చూడు. ఉత్తరాలు చూపిస్తే సరిపోదా? నువ్వు రాసినవి నలభై మూడు ఉన్నాయి నా దగ్గర. ప్రతిదీ "అమ్మా" అనే మొదలవుతుంది. చదువుకున్నవాళ్లకు అది చాలదా?

హనా పాదం కాగితం మీద గీసి పంపు, మేజోళ్లు అల్లుతాను. తేనె గురించి అడిగావు. పసిదానివిగా ఉన్నప్పుడు నీ నోరు చేదు. అంతే.

దీవెనలతో,
అమ్మ

*

విన్నిపెగ్
20 ఆగస్టు 2023

అమ్మా,

"ప్రియమైన" అని రాసి కొట్టేశాను. కోపంగా ఉన్నప్పుడు ఆ మాట అబద్ధంలా కనిపించింది. నిజానికి అబద్ధం కాదు.

ఇవాళ ఆసుపత్రికి ఫోన్ చేశాను. నీ పేరు చెప్పి అడిగితే, వర్కినేష్ అనే పేరుతో ఎవరూ రాలేదన్నారు. ఏప్రిల్లో ఉపవాసం అన్నావు. మేలో మోకాళ్లు. జూన్లో జెర్ఫే పిన్ని కూతురి పెళ్లి. తర్వాత వానలు. పోయిన వారం బస్సు దారి మార్చారన్నావు. నేను రెండుసార్లు గడువు పొడిగించమని బతిమాలుకున్నాను. మూడోసారి ఇవ్వరు. ఆఖరు తేదీ అక్టోబరు 15. నవంబరులో నీ ఆరోగ్య పరీక్షకూ కాలం తీరిపోతుంది. అప్పుడు మళ్లీ మొదటినుంచి.

ఆఫీసు వాళ్లు ఆలస్యం చేస్తున్నారని రెండేళ్లు తిట్టుకున్నాను. ఈ అయిదు నెలల ఆలస్యం మాత్రం నీదే.

ప్రతి ఆదివారం నీ మంచం మీద దుప్పటి దులుపుతున్నాను. ఎవరూ పడుకోని మంచానికి దుమ్మెలా పడుతుందని హనా అడుగుతోంది. అది గోడ మీద గీసిన నీ ఎత్తును తనే దాటేసింది.

నీకు ఇక్కడికి రావడం ఇష్టం లేదా? ఈ చలి, ఈ భాష, జెర్ఫే పిన్ని లేని కాఫీ, నిన్ను భయపెడుతున్నాయా? అలా అయితే ఆ ఒక్క మాట రాయి. బలవంతం చేయను. కానీ మోకాళ్లని, వానలని నాకు చెప్పకు. నేను నీ బడిలో పిల్లను కాను.

మెస్కెరెమ్

*

అడిస్ అబాబా
మెస్కెరెమ్ 1, 2016

నా తల్లీ,

ఇవాళ కొత్త సంవత్సరం. పొద్దున్నే తేనె సీసా తీసి వేలు ముంచాను. పెట్టడానికి నోరు లేదు. చెయ్యి కడుక్కుని కాగితం తీశాను.

ఆసుపత్రికి వెళ్లాను. నాలుగుసార్లు. నాలుగుసార్లూ గేటు దాకా. నాలుగోసారి కాపలా అతను, "ఏం పెద్దమ్మా, ఇవాళైనా లోపలికి వస్తావా, నన్ను చూడ్డానికే ఇంత దూరం వస్తున్నావా?" అన్నాడు. "నిన్ను చూడ్డానికేనయ్యా, మొగుళ్లు కరువయ్యారు" అని చెప్పి తిరిగొచ్చాను.

రావడం ఇష్టం లేక కాదు. ఆ పుల్లల మీద నా ఉమ్మీ నీ ఉమ్మీ కలవవు, మెస్కీ.

పాత పేటలో నా పక్క గదిలో యెషీ అని ఒక అమ్మాయి ఉండేది. నాతో పాటే టీచరు. మొగుణ్ణి అప్పటికే సైనిక ప్రభుత్వం వాళ్లు తీసుకుపోయారు. నీకు అయిదు వారాలప్పుడు, ఒక పొద్దున నిన్ను నా మంచం మీద పడుకోబెట్టి, "రొట్టె తెచ్చుకుని వస్తా, లేస్తే కాస్త ఊపు" అంది. సందు చివర జీపు ఎక్కించారు. రొట్టెల కొట్టు వాడు చూశాడు. అడగడానికి ఏ ఆఫీసుకీ వెళ్లలేకపోయాం. అడిగినవాళ్లనూ పట్టి ఉంచేవారు.

ఆడపిల్లకు ఎనభయ్యో రోజున జ్ఞానస్నానం చేయించాలి కదా. నేనే తీసుకెళ్లాను. నాకు ఇరవై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, రొమ్ములో పాలు లేవు. అలాంటివాళ్లు బిడ్డను తమదాన్ని చేసుకోవడానికి మనలో పాత పద్ధతి ఒకటుంది. పెద్దల ముందు తేనెలో బొటనవేలు ముంచి బిడ్డ నోట్లో పెడతారు. చప్పరిస్తే, అప్పటినుంచి రొమ్ము బిడ్డ. జెర్ఫే అప్పుడు పక్కింటి కొత్త కోడలు, గిన్నె పట్టుకుంది. నువ్వు చప్పరించడమే కాదు, వేలు వదల్లేదు.

చర్చిలో పూజారి పుస్తకం తెరిచి, "తల్లి పేరు?" అన్నాడు. నా పేరే చెప్పాను. "నాకు తెలుసు కదమ్మా, ఎలా రాయను?" అన్నాడు. "ఆ పేరు రాస్తే ఈ పిల్ల కోసం కూడా జీపు వస్తుంది" అన్నాను. నా పేరే రాశాడు. తండ్రి చోట మా నాన్న పేరు పెట్టించాను. కాగితం మీద పేరుంటే తీసుకుపోయే రోజులు. యెషీ పేరు నీ పక్కన ఎక్కడా లేకుండా చూడటమే అప్పుడు నేను నీకు చేయగలిగింది. అందుకే ఇవాళ చూపించడానికి ఏ కాగితమూ లేదు.

మొదట భయంతో దాచాను. భయం పోయాక అలవాటుతో.

ప్రతి ఏడూ ఎందుకు పెట్టావని అడిగావు. ఆ ఒక్కసారి పెట్టింది సరిపోయిందో లేదో నాకెప్పుడూ నమ్మకం కుదరలేదు. అందుకని.

ఇక నీ ఇష్టం. నేను పుట్టింది మాత్రం 1945లోనే. అందులో అబద్ధం లేదు.

అమ్మ
(ఈ మాట ఉంచాలో కొట్టేయాలో నువ్వే చెప్పు.)

*

విన్నిపెగ్
3 మార్చి 2024

ప్రియమైన అమ్మా,

కొట్టేయకు.

అయిదు నెలలకు పైగా జవాబు రాయలేదు. ఫోన్లో మాత్రం ప్రతి ఆదివారం వానల గురించి, నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. నీ లేఖ నా చేతిసంచిలో మందుల షాపుకూ ఇంటికీ తిరుగుతూనే ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించాను.

అక్టోబరు మొదటి వారంలో ఇక్కడ ఒక వకీలు దగ్గరికి వెళ్లాను. అంతా విని, "వాళ్లు అడగనిది మీరెందుకు చెప్పాలి? అమ్మగారికి ఆరోగ్యం బాగాలేదని ఈ దరఖాస్తు వెనక్కి తీసుకోండి. తేదీలు సరిచేసి మళ్లీ వేయండి. అన్ని కాగితాల్లో ఒకే ఏడు కనిపిస్తే పరీక్ష ఊసే రాకపోవచ్చు" అన్నాడు. "వస్తే?" అన్నాను. "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం" అన్నాడు. "నిజం చెబితే?" అన్నాను. "దరఖాస్తు పోతుంది. మీరు ఈ దేశానికి వచ్చినప్పటి కాగితాల్లో కూడా ఆవిడనే తల్లి అని రాశారు కదా, వాటిని కూడా తవ్వొచ్చు" అన్నాడు.

పది రోజులు ఆలోచించాను. నీ గదిలో నీ మంచం మీద కూర్చుని రెండు పేజీలు రాశాను. జీపు, రొట్టెల కొట్టు, తేనె, పూజారి పుస్తకం, ఎనిమిదేళ్లు రెండుసార్లు కలిపిన నా తప్పు, అన్నీ. గడువు ఆఖరు రోజున పంపాను. నీతో చెప్పకుండా పంపాను. అందుకు క్షమించు.

జనవరిలో జవాబొచ్చింది. కాదన్నారు. నీకూ నాకూ చట్టప్రకారం తల్లీబిడ్డల సంబంధం ఉన్నట్టు రుజువు లేదట. మర్యాదగానే రాశారు. చివరి పేరాలో నీ వివరాలు ఉన్నాయి. పుట్టిన ఏడు 1953. వాళ్ల కాగితాల్లో అది మొదటిసారి సరిగ్గా ఉంది. నా పాత కాగితాల గురించి ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదు. ఉత్తరాల డబ్బా తెరిచిన ప్రతిసారీ ముందు ఆ ఆఫీసు కవరు ఉందేమోనని వెతుకుతాను.

అక్కడి కోర్టులో పాత పద్ధతి దత్తతను ఒప్పుకునే అవకాశం ఉందని అడిస్‌లో ఇంకో వకీలు చెప్పాడు. చూసినవాళ్లు ఒక్కరైనా వచ్చి చెప్పాలి. నిన్న జెర్ఫే పిన్నికి ఫోన్ చేశాను. "జడ్జిగారు నన్ను అడగడమెందుకు? గిన్నె పట్టుకున్న చెయ్యి ఇదిగో. గిన్నె కూడా ఉంది, అందులో ఉప్పు పోసుకుంటున్నా" అంది. తర్వాత గొంతు తగ్గించి, "యెషీ బాగా నవ్వేది, పిల్లా" అంది. ఆ పేరు పక్కన నా పేరు పెట్టుకుని ఒకసారి కాగితం మీద రాసి చూసుకున్నాను. చింపలేదు, ఎక్కడా పెట్టనూ లేదు.

హనాతో అంతా చెప్పాను. విని, "తేనె ఎంత పెట్టింది?" అంది. "ఒక వేలంత" అన్నాను. "సరిపోతుందిలే" అని హోంవర్కు చేసుకోవడానికి వెళ్లిపోయింది. నలభై ఆరేళ్లు నీకు కుదరని నమ్మకం దానికి ఒక్క నిమిషంలో కుదిరింది.

మే నెలలో ఇద్దరం వస్తున్నాం. ఆరు వారాలు ఉంటాం. కోర్టుకు నీ పక్కన నేనే వస్తాను. అక్కడ కాగితం వచ్చినా, ఇక్కడ మళ్లీ లాటరీ, మళ్లీ దరఖాస్తు, మళ్లీ వరస. నీకు డెబ్బై ఒకటి. ఎన్నేళ్లు పడుతుందో దానికి కలిపి చూడాలనుకుని మానేశాను. కలపడం నాకు చేతకాదని తేలిపోయింది కదా.

ఒక్కటి నీతో దాచకుండా చెప్పాలి. వకీలు మాట విని ఉంటే ఏడాదిలోనో రెండేళ్లలోనో నువ్వు ఈ గదిలో ఉండేదానివేమో. నన్ను బతికించడానికి నువ్వు ఒక పుస్తకంలో అబద్ధం రాయించావు. నిన్ను దగ్గరికి తెచ్చుకోవడానికి నేను ఆ ఒక్క అబద్ధాన్ని మోయలేకపోయాను. ఆ రెండు పేజీలు నీ గౌరవం కోసం రాశానా, నా మనశ్శాంతి కోసం రాశానా, సరిగ్గా చేశానా, నిన్ను మళ్లీ గేటు దగ్గరే నిలబెట్టానా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా నాకు ఇప్పటికీ తేలలేదమ్మా.

నీ కూతురు,
మెస్కెరెమ్