గోళ్లవ్వను రద్దు చేస్తూ

నేను, అనగా అరవై ఎనిమిదేళ్ల వయసు కలిగి, పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని హడలగొట్టడమే వృత్తిగా ముప్పై నాలుగేళ్లుగా బతుకుతున్న రచయిత్రిని, ఈ మంగళవారం పొద్దున పదకొండు గంటలకి, కిటికీలన్నీ తెరిచిపెట్టుకుని, ఒకరు చెప్పగా కాక, ఒకరు భయపెట్టగా అసలే కాక, నా ఇష్టం కొద్దీ రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి నిలకడగానే ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేశాను. ఇరవై రెండు పుస్తకాల్లో నూట నలభై మందిని చంపిన మనిషికి నిలకడేమిటని ఆయన నవ్వాడు కూడా, కానీ ఆ సంగతి కాగితం మీద రాయలేదు. గతంలో నేను రాసిన రెండు వీలునామాలూ ఇందుమూలంగా రద్దు. అవి రాసినప్పుడు నేను కోపంలో ఉన్నాను.

ఈ వీలునామా అమలు బాధ్యత మా వీధి వకీలుగారిది. పదిహేనేళ్ల వయసులో ఆయన నాకో ఉత్తరం రాశాడు: మీ పుస్తకం చదివిన దగ్గర్నుంచి స్నానాల గదిలో అద్దానికి తువ్వాలు కప్పుతున్నాను, మా అమ్మ తిడుతోంది, ఏం చెయ్యమంటారు అని. నా మాట మీద అంత గురి ఉన్న మనిషి ఇంకొకరు దొరకరు. ఆయనకి నా బీరువాలోంచి కొత్త తువ్వాలు ఒకటి ఇవ్వవలెను.

1. మేడ మీది రెండు గదుల వాటా, వంటగది, కిటికీ పక్కనున్న రాతబల్ల సహా, నా తదనంతరం నా ఏకైక చెల్లెలికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె పనిచేసే కళ్లజోళ్ల దుకాణానికి ఇక్కణ్ణుంచి ఆరు నిమిషాల నడక. సదరు ఇంట్లో ఆమె భర్త, అనగా నా మరిది, నిరభ్యంతరంగా ఉండవచ్చును గానీ రాతబల్ల మీద తడి గ్లాసు పెట్టరాదు. ఇప్పటికే ఉన్న మూడు గుండ్రటి మరకలూ ఆయనవే. అడిగితే ఒప్పుకోడు.

2. నా పుస్తకాల మీద సమస్త హక్కులూ చెల్లెలివే. అందులో నేను దానం చేస్తున్నది ఏమీ లేదని 6వ అంశంలో తెలుస్తుంది. పుస్తకాలన్నీ మనందరం చిన్నప్పుడు విన్న కథలే: రాకుమారి, గాజు చెప్పు, మాట్లాడే అద్దం, వరమిచ్చిన దేవత. నేను చేసిందల్లా ఆ కథల్లో పెద్దవాళ్లు మనకి చెప్పకుండా దాటేసిన చోట ఆగి తలుపు తట్టడమే. వరమిచ్చిన దేవత దాన్ని వాపసు తీసుకోవడానికి వస్తే ఏమవుతుందో పదిహేనేళ్ల పిల్లలకి తెలియొద్దా?

3. బడి లైబ్రరీ ఆవిడకి నా ఇత్తడి తాళం. ఈవిడ నా మూడో పుస్తకాన్ని పిల్లలు పాడైపోతారని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. వారం తిరక్కుండా బడి బడంతా ఆ పుస్తకం కోసం ఎగబడింది. నా పబ్లిషరు జన్మలో చెయ్యలేని ప్రచారం ఆవిడ ఒక్క తాళంతో చేసిపెట్టింది. పదేళ్లు కోపం పెట్టుకున్నాను, అది నా తెలివితక్కువతనం. మిగతా పుస్తకాలకి కూడా వేసుకోవడానికి వీలుగా ఈ తాళం ఇస్తున్నాను.

4. పబ్లిషరుకి నా చెత్తబుట్ట. "పిల్ల చచ్చిపోతేనే పుస్తకం ఆడుతుందండీ" అని ప్రతిసారీ నా ప్రాణం తీశాడు. ఆయన చెప్పినట్టు నేను రాసిన ముగింపులన్నీ ఆ బుట్టలోకే వెళ్లాయి కాబట్టి దాని మీద ఆయనకి కొంత హక్కు ఉంది. మనిషి మంచివాడే. బుట్ట కూడా మంచిదే, అల్లిక ఎక్కడా ఊడలేదు.

5. పొట్టి కుర్చీ, ఎర్ర పెన్సిలు. ఇవి చెల్లెలికి. వీటి గురించి కొంచెం వివరంగా రాయాలి.

నేను ఏ అధ్యాయాన్నీ చెల్లికి చదివి వినిపించకుండా అచ్చుకి పంపలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, తలుపులు బార్లా తీసి, ఆమెని పాదాలు నేలకి ఆనేలా ఆ పొట్టి కుర్చీలో కూర్చోబెట్టి చదివేదాన్ని. భయం వేసినచోట చెల్లి నోరెత్తదు. కాళ్లు ఎత్తేస్తుంది. రెండు పాదాలూ కుర్చీ మీదికి లాక్కుని చీర కుచ్చెళ్ల కింద దాచేస్తుంది. ఆ వాక్యం పక్కన నేను ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేదాన్ని. నాలుగు టిక్కులైనా పడని అధ్యాయం బుట్టలోకే. నా పద్ధతంతా ఇంతే. రచనా రహస్యం ఏమిటని సభల్లో అడిగిన వాళ్లకి చెప్పినవన్నీ కోతలు.

ఈ పద్ధతిలో ఒక్కసారి పప్పులో కాలేశాను. ఏడో పుస్తకంలో పాత బట్టల బీరువా గురించి నాలుగు పేజీల చప్పిడి వర్ణన ఉంది. తీసేద్దామనే అనుకున్నాను. తీరా చదువుతుంటే చెల్లి ప్రతి రెండో వాక్యానికీ కాళ్లు ఎత్తేస్తోంది. పదకొండు టిక్కులు! అక్షరం మార్చకుండా అచ్చు వేయించాను. చదవడం అయ్యాక కుర్చీ కిందనుంచి మా పిల్లి దొంగమొహం తోక ఊపుకుంటూ బయటికొచ్చింది. ఆ నాలుగు పేజీలూ అది చెల్లి పాదాలకి తోక రాస్తూ కూర్చుందన్న సంగతి మరిది చెబితే గానీ నా బుర్రకెక్కలేదు, అప్పటికి పుస్తకం బజార్లో ఉంది. విమర్శకుడొకాయన ఆ బీరువా మౌనం మీద తొమ్మిది పేజీల వ్యాసం రాశాడు. పిల్లలు ఇప్పటికీ అదే అన్నిటికన్నా భయంకరమైన అధ్యాయం అంటారు. దొంగమొహం ఈ లోకంలో లేదు గనక దానికి రావలసిన వాటా వీధిలోని మిగతా పిల్లులకి పాల రూపంలో అందవలెను.

6. ఒప్పుకోలు. ముగింపులు నావి కావు. ప్రతి పుస్తకం చివరా పిల్లని ఎక్కడో ఒకచోట ఇరికించేసి నేను చేతులెత్తేసేదాన్ని. అప్పుడు చెల్లి "ఇంక చాల్లే అక్కా. ముందు ఆ పిల్లని బయటికి తీసుకురా" అనేది. ఎలాగో నాకు తెలియదంటే విసుక్కుని తనే చెప్పేది. అద్దంలోని భూతానికి మనం కనపడకుండా ఉండాలంటే? "అద్దం మీద ఆవిరి ఊదితే సరి. దుకాణంలో కళ్లజోళ్లని రోజూ చూస్తున్నా కదా, ఆవిరి పట్టాక ఎవరికీ ఏమీ కనిపించదు." పాదాన్ని మింగుతున్న గాజు చెప్పు? "దాన్ని అక్కడే వదిలేసి ఉత్తికాళ్లతో వచ్చెయ్యమను. చెప్పు కోసం ప్రాణం పోగొట్టుకుంటుందా?" నేను రాసుకున్నాను, పేరు తెచ్చుకున్నాను. ఇకపై వేసే ప్రతి ముద్రణలోనూ అట్ట మీద నా పేరు పక్కన, అదే సైజు అక్షరాల్లో, చెల్లి పేరు ఉండవలెను. అక్షరం సైజు తగ్గిస్తే పబ్లిషరుకున్న అచ్చు హక్కులు రద్దు.

7. అసలు సంగతి. ఈ వీలునామా దీనికోసమే.

నాకు తొమ్మిదేళ్లు, చెల్లికి ఆరు. ఇద్దరికీ ఒకటే మంచం. కిటికీ వైపు చోటు నాకు కావాలి, అది పక్కకి జరగదు. మంచం కింద గోళ్లవ్వ ఉందని, గోడ వైపు పడుకున్న వాళ్ల జోలికి రాదని, కాళ్లు కిందకి వేలాడేసిన వాళ్ల మడమలు గీకుతుందని చెప్పాను. కిటికీ వైపు చోటు నాకు వచ్చేసింది. చెల్లి కాళ్లు మాత్రం ఆ రోజు నుంచి ఎక్కడా కిందకి వేలాడలేదు. దుకాణంలో దూరిన దొంగని పట్టపగలు గొడుగుతో బజారు చివరిదాకా తరిమిన మనిషి, అదే దుకాణంలో స్టూలు మీద ఇప్పటికీ కాళ్లు ముడుచుకునే కూర్చుంటుంది. అలవాటు అంటుంది. అలవాటు కాదు, నా నిర్వాకం.

నిజం చెప్పడానికి నాకు యాభై తొమ్మిదేళ్లు పట్టింది. మొదట్లో మర్చిపోయాను. గుర్తొచ్చాక, చెబితే ఇక ఎర్ర టిక్కులు పడవేమోనని నోరు నొక్కుకున్నాను. సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు చెల్లీ.

8. ఇరవై మూడో పుస్తకం. రాక్షసి తన ప్రాణాన్ని చిలకలో దాచుకుందనే కథే ఇది, అయితే నా కథలో చిలక లేదు, పదిహేనేళ్ల పిల్ల ఉంది. ఆ పిల్ల గడప దాటితే రాక్షసి చస్తుంది. అయినా రాక్షసి తలుపుకి తాళం కూడా వెయ్యలేదు. మంచం కింద ఏదో ఉందని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. పంతొమ్మిది అధ్యాయాలు అయ్యాయి. తలుపు తెరిచే ఉంది, నాలుగడుగులే, పిల్ల కాళ్లు ముడుచుకుని మంచం మీదే కూర్చుంది. రెండేళ్లుగా ఆ పాదాలు నేల మీద పెట్టించడం నా వల్ల కాలేదు. ఎలా అవుతుంది? ఆ రాక్షసిని నేనే కదా.

కావున వకీలుగారు ఈ కాగితం చదవడం అయ్యాక చెల్లిని పొట్టి కుర్చీలో కూర్చోబెట్టి పంతొమ్మిదో అధ్యాయం బిగ్గరగా చదవవలెను. కిటికీలు తెరిచి ఉండవలెను. చదివాక చెల్లి ఏమంటే అది పొల్లు పోకుండా రాసి, ఇరవయ్యో అధ్యాయంగా అచ్చు వేయించవలెను. పబ్లిషరు గానీ, ఆయన తెచ్చే గొప్ప రచయితలు గానీ అందులో వేలు పెట్టరాదు. చెల్లి ఏమీ అనకపోతే పుస్తకం అచ్చు కానక్కర్లేదు. పిల్ల అలాగే మంచం మీద ఉండిపోతుంది, ఆ పాపం నాది, చెల్లిది కాదు.

కానీ చెల్లీ, ఒక్క సంగతి ఆలోచించు. ఇది నీకు వినిపించేసరికి రాక్షసి ఎలాగూ పోయి ఉంటుంది. నవ్వుకుంటూనే పోయి ఉంటుంది, కిటికీ పక్క చోటు ఇన్నేళ్లు అనుభవించింది కదా. ఇప్పుడది నీది. గోళ్లవ్వ లేదు. ఎప్పుడూ లేదు. నా పూర్తి స్పృహతో, ఇద్దరు సాక్షుల ఎదుట, గోళ్లవ్వను శాశ్వతంగా రద్దు చేస్తున్నాను. నా మాట నువ్వు నమ్మకపోవడం న్యాయమే, అందుకే సాక్షుల చేత కుర్చీ కిందా మంచం కిందా వెతికించి, చూసింది వాళ్ల చేతే రాయిస్తున్నాను.

తేదీ: నా అరవై ఎనిమిదో పుట్టినరోజు మర్నాడు, మంగళవారం.

(సంతకం) అక్క

సాక్షులు:

కింది వాటా దర్జీ: నేను టార్చిలైటు వేసి రెండింటి కిందా స్వయంగా చూశాను. ఎర్ర పెన్సిలు ముక్క ఒకటి, చొక్కా గుండీ ఒకటి దొరికాయి. గుండీ నేను కుట్టింది కాదు. అంతకు మించి ఏమీ లేదు. (సంతకం)

వీధి చివరి మందుల షాపు ఆవిడ: నేనూ చూశాను. వంగితే నడుం పట్టేసింది. నిజంగా ఏమీ లేదమ్మా, కాళ్లు కింద పెట్టుకో. (సంతకం)