గీత పెట్టింది నేనే

జగన్నాధం బావకి,

నీ బావమరిదిని రాస్తున్నాను. చించెయ్యకుండా చివరిదాకా చదువు.

నీ మేనల్లుడు యుగంధర్ బండి మీంచి పడ్డాక, చక్రం దగ్గర బ్రేకుని పట్టి ఉంచే క్యాలిపర్ బోల్టులు బిగించడం నువ్వే మరిచిపోయావనుకుని మెకానిక్ షెడ్డు మూసేశావట. ఇక జన్మలో పానా పట్టనన్నావని అక్క ఏడ్చింది. బావా, తప్పు నీది కాదు.

బోల్టు బిగించాక దాని మీద అక్క గోళ్లరంగుతో గీత పెట్టడం నీ చాదస్తం. గీత ఉంటే బిగించినట్టే లెక్క. ఆ రోజు రెండు బోల్టులూ చేత్తో తిప్పి వదిలి, ఫోనొచ్చిందని బయటికెళ్లావు. నిన్ను ఆటపట్టిద్దామని ఆ గీతలు నేను పెట్టేశాను. నువ్వొచ్చి చూసి, "బిగించీసినానేటి? మతి పోతన్నాది" అన్నావు. నాకు నవ్వాగక టీకొట్టుకి పోయాను. తిరిగొచ్చేసరికి యుగంధర్ బండి తీసుకుని వెళ్లిపోయాడు. వాడికి ఫోను చేసుండొచ్చు. నువ్వు తిడతావని చెయ్యలేదు.

నిన్న ఆసుపత్రికెళ్లి వాడికంతా చెప్పాను. విరిగిన కాలుతోనే కొట్టడానికి లేవబోయాడు. తర్వాత, "మావకి సెప్పినావా?" అన్నాడు.

"లేదురా."

"మరి నా కాడేటి సేస్తన్నావు? పో!"

వచ్చాను. కానీ నా నోట ఏ మాటొచ్చినా నువ్వు వేళాకోళమే అనుకుంటావు. అది నేను చేసుకున్నదే. అందుకే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అక్క చేతికిచ్చాను.

మీ గుమ్మం బయటే నిలబడ్డాను. కొట్టడానికైనా సరే, లేచి రా బావా.