డోలు మీద మూడు దెబ్బలు

కోట లోపలి పేట,
24 ఆగస్టు 1993, క్లివోన్ మంగళవారం

పార్తినా అక్కయ్యకి,

సుమర్సిహ్ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేనిక్కడ క్షేమమనే అనుకో. నువ్వూ బావగారూ పిల్లలూ చల్లగా ఉండాలని దక్షిణ సముద్రపు రాణిని వేడుకుంటున్నాను. కవరు మీద నా పేరు చూసి కూడా చింపకుండా ఇంతవరకూ చదివావంటే, నాకదే పదివేలు.

మనం మాట్లాడుకుని ఇరవై రెండేళ్ళయింది అక్కయ్యా. నా మోకాళ్ళు అరిగిపోయాయి. దొరవారి ఎదుట గొంతుక్కూర్చుని నడిచే నడక ఇక నావల్ల కావడం లేదు. మంటపం మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాల్సిందే. ఈ రోజు క్లివోన్ మంగళవారం సాధన కదా, అది ముగించి ఇంటికొచ్చాను. అన్నం, సోయాగింజల టెంపే వేపుడు ముందు పెట్టుకుని కూర్చున్నానే గాని ముద్ద దిగలేదు. అందుకే కాగితం తీశాను.

పోయిన నెల దొరవారి పట్టాభిషేకపు వార్షికోత్సవం రోజు బెదాయా నాట్యం ఆడించాం. దానికి ఇరవై రోజుల ముందు, తొమ్మిదిమందిలో అందరినీ నడిపించే తల చోటున ఆడే పిల్లకి టైఫాయిడ్ వచ్చింది. ఆ చోటుకి గెండిస్ అనే పిల్లని తీసుకున్నాను. పదిహేడేళ్ళుంటాయి. క్లాటెన్ నుంచి బస్సులో వస్తుంది. మొదటి రోజే నాకు తలనొప్పి తెచ్చిపెట్టింది. ఎనిమిదిమందీ కూర్చుని, తల చోటు పిల్ల ఒక్కతే లేచే ఘట్టం ఉంది కదా, అక్కడ నేను నేర్పేది కుడివైపు తిరగడం. ఈ పిల్ల ఎడమకి తిరిగి, మోకాలు వంచి, పైట చెంగు వదలకుండా అలాగే ఆగిపోయింది.

ఈ వంకర నీకెవరు నేర్పారే అని కసిరాను. మా ఊళ్ళో బుట్ట మోసుకుంటూ కషాయం అమ్మే మామ్మ నేర్పింది, పెరట్లో బట్టలారేసే తీగ కింద నేర్పింది, చిన్నప్పుడు చేదు కషాయం తాగితే లంచంగా ఒక అడుగు చూపించేది అంది. మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ మామ్మ పేరు నేనడగలేదు. అడగాల్సిన పని లేదు కదా, అది నువ్వే.

మళ్ళీ చెయ్యి, కుడికి తిరుగు అన్నాను. తిరిగింది. కానీ మర్నాడు మళ్ళీ ఎడమకే. నాకు రోషం వచ్చింది. నిన్ను తీసేస్తాను, ఆ కషాయం బుట్ట నువ్వూ ఎత్తుకుందువుగాని అనేశాను. ఏడవలేదు ఆ పిల్ల. సరే మామ్మా, మీరెలా చెప్తే అలాగే, కాళ్ళే మాట వినడం లేదు అంది.

అప్పుడు డోలు దగ్గర నుంచి కర్సోనో పిలిచాడు. పళ్ళూడిపోయినా నోటిదురుసు మాత్రం పోలేదు ఆయనకి. ఏమ్మా సుమర్సిహ్, ఆ పిల్లని తిట్టకు, ఇరవై రెండేళ్ళుగా ఆ చోట నేను మూడు దెబ్బలు గాలికి కొడుతున్నాను, వాటి కింద ఒక్క అడుగూ పడదు, ఈ పిల్ల ఎడమకి తిరిగితే మూడూ కుదిరాయి, చెవులున్నాయా నీకు అన్నాడు. అందరి ముందూ అన్నాడు. నేను దగ్గు వచ్చినట్టు నటించి మంచినీళ్ళ కోసం లేచాను.

ఈ తిరుగుడు మీద మన పోట్లాట నీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. రుమియాతి గురువమ్మ పోయిన నలభయ్యో రోజు దాటాక, నువ్వు ఎడమ అన్నావు, నేను కుడి అన్నాను. చివరి రోజుల్లో గురువమ్మ దాన్ని మార్చి నా ఒక్కదానికే నేర్పారని నాట్యాధికారి ముందు చెప్పాను. సముద్రపు రాణి మీద ఒట్టేసి చెప్పవే అన్నావు. వేశాను. నువ్వు కొప్పులోంచి మల్లెమొగ్గలు తీసి చాప మీద పెట్టి వెళ్ళిపోయావు. తల చోటు నాకొచ్చింది, ఆ తర్వాత గురుపీఠమూ వచ్చింది.

వయసు మీద పడింది అక్కయ్యా. బహుశా నేనే పొరబడ్డానేమో. జబ్బు మనిషి చెప్పింది సరిగ్గా వినలేదేమో.

ఉత్సవం నాడు గెండిస్ ఒంటికి పసుపు నలుగు నేనే పెట్టాను. ఉపవాసంతో దాని చేతులు చల్లగా ఉన్నాయి. చెవిలో, నీ కాళ్ళు ఎటు వెళ్తే అటే వెళ్ళు అన్నాను. పిల్ల నా మొహంలోకి చూసి, తిట్టరు కదా అంది. తిట్టనన్నాను.

ఎడమకి తిరిగింది. మూడు దెబ్బలూ దాని పాదం కింద పడ్డాయి. దీపాల కింద ఒక్క క్షణం అది నువ్వే అనుకున్నాను.

మర్నాడు నాట్యాధికారి నన్ను పిలిపించి, ఈ ఏడు నాట్యంలో ఏదో జీవం వచ్చింది, మీ చలవే అన్నారు. తల వంచి ఆ మెప్పు పుచ్చుకున్నాను. ఇల్లు చేరేదాకా నోరు చేదుగానే ఉంది.

ఇవాళ పొద్దున నేనిక నేర్పలేనని ఆయనకి రాసిచ్చాను. నా తర్వాత ఎవరు అంటే నీ పేరు చెప్పాను. నీకు కబురొస్తుంది. రావాలనిపిస్తే రా. రాకపోతే తప్పుపట్టను. అలసిపోయాను, అంతే.

నీ చెల్లెలు,
సుమర్సిహ్

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. పైన పొరబడ్డానేమో అని రాశాను, అది అబద్ధం. గురువమ్మ నాకేమీ మార్చి నేర్పలేదు. చివరి వారంలో పార్తినాని పిలుచుకురా, ఆ ఘట్టం ఒక్కసారి సరిచూడాలి అని నన్నే పంపారు. నేను వీధి మలుపుదాకా వెళ్ళి, నిన్ను పిలవకుండానే తిరిగొచ్చాను. అప్పటికే ఆవిడ కళ్ళు పొరలు కమ్మి ఉన్నాయి. పక్కన కూర్చున్నది నువ్వే అనుకుని నా చెయ్యి పట్టుకున్నారు. లేవలేక, పడుకునే ఉండి వేళ్ళతో ఆ అడుగులు చూపించారు. ఆ వణుకులో ఏది కుడో ఏది ఎడమో నాకు తెలియలేదు. అడిగితే నా గొంతు గుర్తుపడతారని అడగలేదు. ఆవిడ నేర్పడం అయిపోయాక, అర్థమైందా పార్తినా అన్నారు. గొంతు తగ్గించి, అయింది గురువమ్మా అన్నాను.