ఓబులమ్మ కమిటీలో మాట్లాడిన రోజు

ఏప్రిల్ 2003, శుక్రవారం

కొత్త బోరు నీళ్లు ముందు ఎవరికివ్వాలో క్యాంపస్ వసతుల కమిటీ ఈ రోజు తేల్చాల్సి వచ్చింది. రిజిస్ట్రార్ గారు గెస్ట్‌హౌస్‌కే అని ముందే రాసుకొచ్చారు. అధ్యాపకుల తరఫున ఉన్నది నేనొక్కదాన్నే. పోయినసారి అమ్మాయిల హాస్టల్ గురించి ఎంత చెప్పినా నా మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. అందుకే ఈసారి అక్కడ వంట చేసే ఓబులమ్మను వెంట తీసుకెళ్లాను.

"వంటమనిషికి ఈ మీటింగులో ఏం పని మేడం?" అన్నారాయన.

ఆమె నేరుగా ఆయనతోనే అంది. "చెప్తా సార్. ట్యాంకరు రెండు దినాలకొకతూరి వస్తాండాది. బియ్యం కడిగిన నీళ్లతోనే గిన్నెలు కడుగుతాండా. నిన్న పరీక్షకు పోవాల్సిన పిల్లోళ్లు బకెట్లు పట్టుకొని లైన్లో నిలబడినారు. గెస్ట్‌హౌస్‌లో ఇప్పుడు ఎవురుండారు సార్?"

గెస్ట్‌హౌస్ ఖాళీగానే ఉందని అందరికీ తెలుసు. కమిటీలోనే ఉన్న ఇంజనీరు గారు, "హాస్టల్‌కైతే పైపు కూడా తక్కువే పడుతుంది సార్" అని నసిగారు. చివరికి హాస్టల్‌కే అని రాశారు. చదివాకే సంతకం పెట్టాను.

సంతోషంగా ఉండాల్సింది. కానీ లేస్తూ రిజిస్ట్రార్ గారు, ఆమె పర్మనెంటా, దినకూలీయా అని గుమాస్తాను అడిగారు. దినకూలీయే. నా ఉద్యోగానికి ఢోకా లేదు. అయినా నేను గట్టిగా అనాల్సిన మాట ఆమెతో అనిపించాను.

బయటికొచ్చాక, రిజిస్ట్రార్ గారు అలా అడిగారని ఆమెకు చెప్పాను. "తీసేస్తే తీసేస్తార్లే మేడం. నీళ్లు వచ్చేదాకా మీరు మాత్రం ఇడవాకండి" అంది.

సోమవారం తరగతికి ముందు హాస్టల్ వంటింటికి వెళ్లాలి. ఆమె అక్కడ లేకపోతే ఏం చేస్తానో ఇప్పుడే రాసిపెట్టుకుందామని కూర్చున్నాను. ఇంకా ఒక్క వాక్యమూ రాలేదు.