తిన్నానని చెప్పిన సోమవారం

అక్కా,

ఎలా ఉన్నావని అడిగే మొహం నాకు లేదు. నువ్వు పోయి ఏడు నెలలైంది. నీ పత్తి చేను మళ్లీ దున్నారు. బావ ఆ గట్టు వైపు ఇంకా పోవడం లేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పనిది ఒకటుంది. నీకైనా చెప్పాలి కదా...

ఆదివారం సాయంత్రం పత్తి ఏరుతుంటే రక్తపింజర కరిచిన నిన్ను, ఆసిఫాబాద్ నుంచి జీపులో కరీంనగర్ పెద్దాసుపత్రికి తెచ్చేసరికే నీ చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోంది. విషానికి మందిచ్చినా నెత్తురు గడ్డ కట్టడం లేదని, ప్లాస్మా ఎక్కించాలని డాక్టరు అన్నాడు. అంటే నెత్తురులో ఉండే పసుపు నీళ్లట. ఇచ్చేవాడి నెత్తురు తీసి, ఆ నీళ్లు వేరుచేసి, ఎర్రటిది తిరిగి వాడికే ఎక్కిస్తారట. రెండు సంచులు కావాలన్నారు. పరీక్ష చేస్తే మాలో నాదొక్కటే నీకు కలిసింది.

సూది గుచ్చే ముందు నర్సమ్మ అడిగింది, ఏమన్నా తిన్నావా అని. తిన్నాను అన్నాను.

తినలేదు అక్కా. తెల్లారితే కార్తీక సోమవారం. నీకు నయం కావాలని ఒక్కపొద్దు పట్టాను, మంచినీళ్లు కూడా ముట్టలేదు. దాచాలని కాదు... అడగ్గానే నోరు దానంతటదే అనేసింది. నువ్వు నేర్పిందే కదా? చిన్నప్పుడు ఎవరింటికి పోయినా గడప దగ్గరే నా చెయ్యి గిల్లి చెప్పేదానివి. "తిన్నవా అంటే తిన్న అనాలె తమ్మీ. ఆళ్ల కుండల ఎంతున్నదో మనకేమెరుక?"

మొదటి సంచి సగమైనా కాలేదు. పెదవులు తిమ్మిరెక్కాయి. చెమటలు, చలి. కళ్లు తెరిచేసరికి సూది తీసేశారు, నా కాళ్లు దిండ్ల మీద ఉన్నాయి. మళ్లీ తీయమని బతిమాలాను. లేచి నిలబడి చూపించబోయి మళ్లీ పడ్డాను. తినలేదని ముందే చెబితే ఇంత పెట్టి, గంటాగి తీసేవారట.

ఆ సగమే నీకు ఎక్కించారు. బావ ఊరంతా తిరిగి ఇంకో మనిషిని పట్టుకొచ్చేసరికి...

రెండు సంచులు ఎక్కితే బతికేదానివా? డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు.

నా మోచేతి దగ్గర అరచేతంత మేర నల్లగా కమిలింది. లేస్తే కళ్లు తిరిగేవి. నీ పదకొండో రోజు కూడా గోడ పట్టుకునే నడిచాను. అవ్వ ఏడుస్తూనే జొన్న గటక కలిపి పెట్టేది, వద్దంటే తిట్టేది. తిన్నాను. సిగ్గు లేకుండా ఆకలి వేసింది. మచ్చ పచ్చబడి, నెల తిరక్కుండానే పోయింది. అంత తొందరేముంది దానికి? నీకిమ్మంటే పడిపోయిన ఒళ్లు, తనకు మాత్రం నయం చేసుకుంది. ఈ ఒళ్లంటేనే నాకు అసహ్యం.

నిన్న నీ బిడ్డ లత బడి నుంచి నేరుగా పక్కింటికి పోయింది. పిలవడానికి పోతే, వాళ్లు అన్నాలకు కూర్చుంటూ దాన్ని తిన్నావా అని అడుగుతున్నారు. పొద్దున అది ఏమీ తినకుండానే బడికి పోయింది. తిన్న అన్నది. అచ్చం నీ గొంతు. కళ్లు మాత్రం కంచం మీదే ఉన్నాయి.

గడప దాటి లోపలికి పోయాను. పిల్ల తినలేదని నేనే చెప్పి, అక్కడే కూర్చోబెట్టి తినిపించాను. వాళ్లేమనుకున్నారో.

నువ్వు నేర్పిన మాట నీ బిడ్డకు మాన్పిస్తున్నాను, కోపం చేయకు. రోజూ అడుగుతాను. ఆకలైతే ఆకలని అది నోరు తెరిచి చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను.

నీ తమ్ముడు
సాయిలు