ఎదురు సెలూన్ తాళం

బావా,

లైసెన్సు లేదని నా కొట్టు ఎదురుగా ఉన్న కొత్త సెలూన్‌కి తాళం వేయించావట. నా కత్తెరకి బేరాల్లేవని అక్క బెంగపడితే నా మేలు కోరే చేశావు, కాదనను.

ఇప్పుడు నా కొట్టు కిటకిటలాడుతోంది. వచ్చినవాళ్లంతా ముఖాలు మాడ్చుకుని కూర్చుంటున్నారు. ఒక పెద్దాయన, "వేరే దిక్కులేక వచ్చానయ్యా" అని మొహం మీదే అనేశాడు. ఒళ్లు మండింది గానీ, కత్తిరించి పంపాను.

తమ తల ఎవరికి అప్పగించాలో జనమే తేల్చుకుంటారు, మధ్యలో మీ మునిసిపల్ ఆఫీసుకేం పని? ఆ సెలూన్ అతను పొద్దున ఆరింటికే తెరుస్తాడు, నేను తొమ్మిదికి. అది నేను దిద్దుకోవాల్సింది. నువ్వు తాళం తీయించు.

ఇంకో మాట. కిందటి నెల నా కటింగు చూసి భలే కుదిరిందని మెచ్చుకున్నావు, గుర్తుందా? నాది నేను చేసుకోలేను కదా బావా. చేసింది అతనే.

నీ బావమరిది