నేను లేకుంట కూసున్నడు

లక్ష్మక్కా,

నా కొడుకు తనంతట తాను కూసున్నడని నాకంటే ముందు మీ వాడకట్టంత చూసింది. "నా బంగారం కూసున్నడు" అని స్టేటస్ పెట్టినవ్. ఎవల బంగారమే? కన్నది నేను. ఫోన్ చేస్తే స్పీకర్ల పెడ్తవ్, అందరి ముంగట నాకు నోరు లేవదు. అందుకే రాసి ఫోటో తీసి పంపుతున్న. దీన్ని గూడ స్టేటస్ పెట్టకు.

ఇక్కడ సచిన్ ఏరియాల చీరెల దారాలు కత్తిరించే కాడ, అన్నం తినేటప్పుడు ఆ వీడియో చూసిన. వాని ఎనుక దిండు ఉన్నదేమోనని ఎతికిన. లేదు. నీ చెయ్యి ఉన్నదేమోనని ఆపి ఆపి చూసిన. అదీ లేదు. అప్పుడు ఇంక మంట లేసింది. ఇంటికొస్తే మా ఆయన "వదిన చేతిల ఏదో మహిమ ఉన్నదే" అన్నడు. "అయితే ఆ మహిమతోనే వండుకో పో" అన్న.

మహిమ గాదక్కా. మేముండే ఉన్ బస్తీ నుంచి రెండు ఆటోలు మారి, నడుం నిలువని వాన్ని థెరపీ సెంటర్‌కు ఎత్కపోయింది నేను. థెరపీ చేయించే బెన్, అదే ఆ మేడం, చేతులు చూసి చూసి నేర్చుకున్న. కాళ్ల నడుమ కూసోబెట్టుకొని, నడుం కింద పట్టుకొని, జర జర పట్టు వదులుడు. ముంగట గిన్నె పెట్టి అందుకోమనుడు. పక్కకు ఒరిగితే అరచెయ్యి ఆనిచ్చుడు. వీడియోల ఎడమకు ఒరిగి టక్కున చెయ్యి ఆనిచ్చిండు చూడు, అది నేను నేర్పిందే. కరోనాకు సెంటర్ మూసిండ్రు, బట్టలు నేసే సాంచలు బందయినయ్, అందరం ఊరికొచ్చినం. సేటు మళ్ల పనికి పిలిస్తే, సెంటర్ ఇంక తెరువలేదని వాన్ని నీ దగ్గర ఇడిసి వచ్చినం. అంతే గని నీకు ఇచ్చిపోలే.

నువ్వు ఒక్క పూట ఇడువకుంట చేసినవ్, కాదంటలేను. అదే నా కడుపుల మండుతున్నది. కూసున్నంక వాడు నవ్వి ఎవల దిక్కు చూసిండు? ఫోన్ పట్టుకున్న నీ దిక్కు.

మేం మంచిగనే ఉన్నం. మాస్కుల ఊపిరాడది, పొద్దుమాపు ఆలుగడ్డ కూరనే. అమ్మకు దగ్గు తగ్గిందా? బాపుకు శనార్తులు, మమ్ముల దీవించుమను.

సెంటర్ మళ్ల తెరిచిండ్రు. పండుకున్నోడు తనంతట లేచి కూసునుడు ఇంక నేర్పాలెనంట. అది నా చేతుల మీద కావాలె, నువ్వు మొదలుపెట్టకు. నన్ను చూసి రానని ఏడుస్తడేమో. ఏడ్వనీ. నువ్వు మాత్రం చేతులు చాపకు.

బావతోని వాన్ని పంపుతవా, నేనే రావాల్నా? ఆదివారం పొద్దుగూకే లోపల చెప్పు. చెప్పకుంటే సోమవారం బండెక్కుత.

నీ చెల్లె,
సుజాత